తప్పు తెలిసిన కాటా

గుణుపురం స్టేషను రోడ్డులో
మూతపడ్డ నూనెమిల్లు వెనక షెడ్డు అద్దెకడిగాను.
చింతపండు గింజ తీసి, ఈనె తీసి,
అరకిలో అచ్చులు పోసి అమ్మే కంపెనీ.
పేరింకా పెట్టలేదు.
సలహాలు మాత్రం అప్పుడే బస్తాలకెత్తొచ్చు.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న కూర్మారావు
ఒక్క టీ చల్లారేలోగా నన్ను కోటీశ్వరురాల్ని చేశాడు.
సోమవారం "దుబాయికి పంపు" అన్నాడు.
గురువారం "దుబాయా? ఎవడు చెప్పాడు నీకు?" అన్నాడు.
రెండుసార్లూ అదే నవ్వు,
బల్లమీద అదే ఉంగరాల చెయ్యి.
రెండుసార్లూ నేను తలూపాను.
అదీ రాసుకోవాలి ఖాతాలో.

మిల్లు యజమాని బినాకర్ పాత్రో వేరే రకం.
ఏది అడిగినా "వద్దు పిల్లా".
వాటాదారు వద్దు, అప్పు వద్దు,
బరంపురం బేరగాడు అసలే వద్దు.
తెలుగులో మొదలుపెట్టి
కోపమొచ్చేసరికి ఒడియాలోకి దిగిపోయేవాడు.
ఒకరోజు తనే విప్పాడు:
మిల్లు నడిచిన రోజుల్లో సొంత బావమరిదే
రెండు చిట్టాపుస్తకాలు రాశాడట, ఆరేళ్లు.
"అప్పట్నించీ నాకు ప్రతి మనిషి చంకలోనూ
రెండో పుస్తకం కనపడతాది.
అది తీసీసి విను నా మాట."

సలహా ఇచ్చి,
అందులోంచి ఎంత తీసెయ్యాలో కూడా చెప్పిన మనిషిని
అదే చూడడం.

నా దగ్గరొక పాత కాటా ఉంది,
రాయగడ వేలంలో కొన్నది.
ఇరవై కిలోలకి రెండొందల గ్రాములు మింగుతుంది.
ఎండైనా ముసురైనా అవే రెండొందలు.
స్ప్రింగు చూసిన మిస్త్రీ
బీడీ చెవిమీంచి తీస్తూ అన్నాడు:
"కొత్త స్ప్రింగు వచ్చీదాకా దీంతో బతకొచ్చమ్మా.
ఎదురు కొట్లో కొత్తది చూడు, అద్దంలా మెరుస్తాది,
పొద్దున్న తక్కువ, సాయంత్రం ఎక్కువ.
దాన్నెలాగ కూడతావు? ఎంతని తీస్తావు?"

ఎంతని తీస్తాను కూర్మారావుని?

గుడారి సంతలో సులమి కాడ్రక గంపలు తూచాను.
తెల్లవారకముందే కొండ దిగినట్టుంది,
పాదాలకింకా మంచు మట్టి.
ముల్లు ఆగాక చెప్పాను:
ఇది రెండొందలు మింగుతుంది,
వాటికీ కలిపి ఇస్తున్నాను.
ఆమె కాటాని చూడలేదు. నన్నే చూసింది,
పళ్లెంలో నేను కూర్చున్నట్టు.
డబ్బు లెక్కపెట్టి, కొంగున ముడేసి,
నాలుగడుగులు పోయి
వెనక్కొచ్చింది.
వచ్చీరాని నా కువి, వచ్చీరాని ఆమె ఒడియా,
మధ్యలో వేళ్లు. నాకర్థమైనంత ఇది:
"ఆ గంప అడుగు పండు తడిది.
బరువు కోసం నేనే నీళ్లు చల్లాను.
అందరం చల్లుతాం.
అచ్చు పోశావంటే వానల్లో నల్లబడిపోతుంది.
గుప్పిట్లో పిసికి చూసి కొను.
నా దగ్గరైనా సరే."

తిరుగు బస్సులో ఆ గంప నా ఒళ్లోనే పెట్టుకున్నాను,
చీర తడుస్తున్నా.

"కొండోళ్లతో బేరమా, వద్దు" అన్నాడు పాత్రో.
రెండో పుస్తకం తీసేసి విన్నాను.
ఏమీ మిగల్లేదు.
అద్దె కాగితం మాత్రం పదకొండు నెలలకే రాయించాడు,
"నన్ను కూడా నమ్మీకు, చదివి సంతకం పెట్టు" అని.
అందులో తీసెయ్యాల్సింది కనపడలేదు.
రెండుసార్లు చదివి పెట్టాను.

ఇక నా ముల్లు సంగతి.
"బాగుంది" అన్నవాడి మాట
నా పళ్లెంలో ఎప్పుడూ బరువెక్కువే తూగుతుంది.
ఎంత ఎక్కువో ఇంకా పట్టుబడలేదు.
ఏ మిస్త్రీ దగ్గరా ఆ స్ప్రింగు లేదు.

మిల్లు వాకిట్లో పండు ఆరుతోంది, మూడో రోజు.
కూర్మారావు ఫోను మోగుతోంది.
ఎత్తుతాను,
ఈ వరస తిరగేశాక.